‘స్టార్ వార్స్’ క్లాసిక్ హోదా: దేనికి దక్కింది, ఏ ప్రతికి దక్కింది?

1978 ఏప్రిల్ 3న జరిగిన యాభయ్యో ఆస్కార్ ప్రదానోత్సవంలో జార్జ్ లూకాస్ తీసిన ‘స్టార్ వార్స్’ పది నామినేషన్లతో బరిలోకి దిగి ఆరు అవార్డులు గెలుచుకుంది. కళా దర్శకత్వం, దుస్తుల రూపకల్పన, ఎడిటింగ్, సంగీతం, శబ్దం, విజువల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో ఆ అవార్డులు వచ్చాయి. రోబోలకు, వింత జీవులకు గొంతులు సృష్టించినందుకు బెన్ బర్ట్‌కు వేరుగా ఒక ప్రత్యేక పురస్కారం దక్కింది. ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే అవార్డులు మాత్రం వుడీ ఆలెన్ సినిమా ‘ఆనీ హాల్’కు వెళ్లాయి.

దాదాపు అర్ధ శతాబ్దంగా ఈ సినిమా చుట్టూ నడుస్తున్న వాదమంతా ఆ జాబితాలోనే దాగి ఉంది. కథకూ, రచనకూ, ఆలోచనకూ ఆనాడే పెద్ద పీట దక్కని సినిమాను ప్రపంచ సినిమా మహాకావ్యాల సరసన ఎందుకు కూర్చోబెట్టారని ఒక వర్గం అడుగుతుంది. సినిమా అంటే కథ ఒక్కటేనా, దృశ్యమూ శబ్దమూ కూర్పూ కలిసి చేసే పని రచన కాదా అని మరో వర్గం ఎదురు ప్రశ్న వేస్తుంది. రెండు వర్గాలూ తరచుగా వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతూ ఒకే విషయంపై తగవులాడుతున్నామని అనుకుంటాయి. కాబట్టి ముందుగా ఆ చిక్కును విడదీయాలి.

క్లాసిక్ అని తేల్చేది ఎవరు?

ఒక సినిమాను క్లాసిక్ అన్నప్పుడు మాట్లాడేవారి మనసులో సాధారణంగా నాలుగు కొలతలు ఉంటాయి: ఎంతమంది చూశారు, ఎంతకాలం చూస్తున్నారు, తరువాతి సినిమాలను ఎంత మార్చింది, కళగా దాని విలువ ఎంత. మొదటి మూడింటినీ లెక్కల్లోనూ చరిత్రలోనూ చూపించవచ్చు. నాలుగోది మాత్రం వాదించి ఒప్పించవలసినదే. గొడవంతా మొదటి మూడింటికి ఆధారాలు చూపించి నాలుగోది కూడా తేలిపోయిందనుకోవడంతోనే మొదలవుతుంది.

అధికారిక ముద్ర విషయానికి వస్తే, అమెరికా కాంగ్రెస్ 1988లో సినిమాల పరిరక్షణకు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం సాంస్కృతికంగా గానీ, చారిత్రకంగా గానీ, కళాపరంగా గానీ ప్రాధాన్యం ఉండి, విడుదలై కనీసం పదేళ్లు గడిచిన చిత్రాలను జాతీయ చలనచిత్ర జాబితాలో చేరుస్తారు. 1989లో ఎంపికైన తొలి 25 చిత్రాల్లో ‘స్టార్ వార్స్’ ఒకటి. అప్పటికి దాని వయసు పన్నెండేళ్లే. అయితే ఆ నిబంధనలో ‘గానీ’ అన్న మాట మూడుసార్లు ఉన్నదని గమనించాలి. చారిత్రక ప్రాధాన్యం ఉంటే చాలు, గొప్ప కళాఖండం కానక్కరలేదు. జాబితాలో ఉంది కాబట్టి గొప్ప సినిమా అనే వాదం అంతదూరం నిలబడదు.

వసూళ్లు చెప్పేదెంత, చెప్పనిదెంత

సుమారు 1.1 కోట్ల డాలర్ల ఖర్చుతో తయారై, 1977 మే 25న అమెరికాలో ముప్పై పైచిలుకు థియేటర్లలో మాత్రమే విడుదలైన ఈ చిత్రం, 1975 నాటి ‘జాస్’ పేరిట ఉన్న వసూళ్ల రికార్డును దాటింది. 1982లో ‘ఇ.టి.’ వచ్చి తనను దాటేవరకు ఆ స్థానంలోనే నిలిచింది. అన్ని విడుదలలూ కలిపి ఉత్తర అమెరికాలో దాని వసూళ్లు సుమారు 46 కోట్ల డాలర్లు. రూపాయి విలువ మారినట్లే డాలరు విలువా మారుతుంది గనుక, ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే 1939 నాటి ‘గాన్ విత్ ద విండ్’ తరువాత అక్కడ రెండో స్థానం దీనిదే.

బొమ్మల వ్యాపారం మరో కథ. 1977 క్రిస్మస్ నాటికి కెనర్ కంపెనీ బొమ్మలు తయారు చేయలేకపోయింది. బొమ్మలకు బదులుగా, తరువాత పంపిస్తామన్న హామీ పత్రం ఉన్న అట్ట పొట్లాన్ని అమ్మితే జనం దాన్నీ కొన్నారు. ఇలాంటి సంగతులు ఆ సినిమా ఒక తరాన్ని ఎలా పట్టుకుందో రుజువు చేస్తాయి. ఎందుకు పట్టుకుందో చెప్పవు. బాల్యంలో చూసినవారి మమకారాన్ని పక్కన పెట్టి చూడగలిగితేనే అసలు ప్రశ్న బయటికి వస్తుంది.

సైన్స్ ఫిక్షనా, జానపదమా?

సైన్స్ ఫిక్షన్‌ను నిర్వచించిన విమర్శకుల్లో డార్కో సువిన్ పేరు తరచుగా వినిపిస్తుంది. మనకు తెలిసిన ప్రపంచంలో లేని ఒక కొత్త అంశాన్ని ప్రవేశపెట్టి, దాని పర్యవసానాలను తర్కబద్ధంగా అనుసరించేదే ఆ ప్రక్రియ అన్నది ఆయన చెప్పిన దాని సారాంశం. ఈ గీటురాయిపై పెడితే ‘స్టార్ వార్స్’ నిలబడదు. గాలి లేని అంతరిక్షంలో పేలుళ్లు దద్దరిల్లుతాయి. అంతరిక్ష నౌక నడిపే హాన్ సోలో తన ఓడ వేగం గురించి గొప్పలు చెబుతూ పార్‌సెక్కుల లెక్క చెబుతాడు. పార్‌సెక్ కాలానికి కొలత కాదు, సుమారు 3.26 కాంతి సంవత్సరాల దూరం. అంతకంటే ముఖ్యంగా, కాంతిని మించిన ప్రయాణం, ఆలోచించే యంత్రాలు, గ్రహాన్ని పేల్చే ఆయుధం ఉన్న సమాజంలో మనుషుల జీవితం ఎలా మారుతుందన్న ప్రశ్నను సినిమా పట్టించుకోదు. రోబోలను బజారులో పశువుల్లా కొంటారు, అమ్ముతారు. వాటికి భయమూ బాధా ఉన్నట్లు మనకు కనిపిస్తూనే ఉంటుంది. అది బానిసత్వమా అన్న ఊహ కథలో ఎవరికీ రాదు. మంచి సైన్స్ ఫిక్షన్ నవల అక్కడే మొదలయ్యేది.

తెలుగు ప్రేక్షకుడికి ఈ వర్గీకరణ మరింత సులువుగా అర్థమవుతుంది. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటమాలి కొడుకు, కోటలోని రాజకుమారి, శక్తుల కోసం వెంపర్లాడే మాంత్రికుడు ఉన్నట్లే, ఇక్కడ పొలంలో పెరిగిన ల్యూక్, చెరలో ఉన్న రాజకుమారి లేయా, నల్లటి ముసుగులో డార్త్ వేడర్, మంత్రశక్తి లాంటి ‘ఫోర్స్’ ఉన్నారు. కత్తి వెలుగుతుంది, గుర్రం బదులు అంతరిక్ష నౌక వస్తుంది, కథ నడక మాత్రం జానపదానిదే. ‘చాలా కాలం క్రితం’ అని మొదలయ్యే కథను భవిష్యత్ విజ్ఞాన గాథ అని పిలవడం మొదటి నుంచీ కాస్త విచిత్రమే.

అయితే ఇది లోపమా? సైన్స్ ఫిక్షన్‌లో క్లాసిక్ అని పిలిచేవారికి లోపమే, ఎందుకంటే అదే ప్రక్రియలో 1968 నాటికే ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ అంతరిక్షపు నిశ్శబ్దాన్నీ, భారరహిత స్థితినీ, యంత్రపు మనసునూ ఎంతో శ్రద్ధగా చూపించింది. జానపదంగా తీసుకునేవారికి పార్‌సెక్కుల తప్పు పెద్ద విషయం కాదు. ఎగిరే తివాచీకి ఇంధనం ఏమిటని ఎవరూ అడగరు.

అరువు తెచ్చుకున్న కథ ఎంతవరకు అరువు?

లూకాస్ మొదట ‘ఫ్లాష్ గోర్డన్’ అనే అంతరిక్ష సాహస కథల సీరియళ్ల హక్కులు కొనాలనుకున్నారు, దొరకలేదు. 1930ల నాటి ఆ సీరియళ్ల నుంచే సినిమా ఆరంభంలో పైకి పాకుతూ పోయే అక్షరాలు వచ్చాయి. అకిరా కురొసావా 1958లో తీసిన ‘ద హిడెన్ ఫోర్ట్రెస్’ ప్రభావాన్ని ఆయనే అంగీకరించారు. జోసెఫ్ క్యాంబెల్ 1949లో వీరగాథల నిర్మాణంపై రాసిన పుస్తకం, ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నవల ‘డ్యూన్’లోని ఎడారి గ్రహం, రెండో ప్రపంచ యుద్ధపు విమాన పోరాటాల సినిమాలు కూడా ఈ పోగులో ఉన్నాయి.

కురొసావా ఉదాహరణను కొంచెం దగ్గరగా చూస్తే అరువుకూ అనుకరణకూ తేడా తెలుస్తుంది. జపాన్ చిత్రంలో ఇద్దరు పిరికి, దురాశ గల రైతులు ఎప్పుడూ పోట్లాడుకుంటూ, ఓడిపోయిన వంశపు రాకుమారినీ ఆమె సేనానినీ శత్రుభూమి దాటించే ప్రయాణంలో ఇరుక్కుంటారు. పెద్దల యుద్ధాన్ని అడుగున ఉన్నవారి కళ్లతో చూపించడం ఆ చిత్రంలోని తెలివి. లూకాస్ 1973లో రాసుకున్న కథాసంగ్రహం దీనికి చాలా దగ్గరగా ఉండేది. తెరకెక్కిన సినిమాలో మిగిలింది ఆ చూపు కోణం మాత్రమే: ఆర్‌టూ-డీటూ, సీ-త్రీపీఓ అనే రెండు రోబోల వెంట మనం కథలోకి ప్రవేశిస్తాం. అయితే ఆ రోబోలు చివరికంటా కథనాన్ని మోయవు. ల్యూక్ రాగానే పగ్గాలు అతని చేతికి వెళ్లిపోతాయి, కురొసావా వ్యంగ్యం కరిగిపోయి వీరగాథ నిలుస్తుంది. ఇది దొంగతనం కాదు గానీ, మూలంలో ఉన్న పదును తగ్గిందన్న విమర్శ న్యాయమైనదే.

న్యూయార్కర్ పత్రిక విమర్శకురాలు పాలిన్ కేల్ ఇంకా కఠినంగా మాట్లాడారు. అన్నీ బహుమతులే నింపిన చిరుతిండి పొట్లం ఇది అన్నది ఆమె భావం. సంభాషణల మీద వచ్చిన ఫిర్యాదులను చిత్ర బృందమే ముందుగా ఊహించినట్లుంది. విల్లార్డ్ హైక్, గ్లోరియా కాట్జ్ దంపతుల చేత లూకాస్ మాటలకు మెరుగులు దిద్దించారు, తెరమీద వారి పేర్లు లేవు. లేయాకు ఉన్న చురుకుదనం, ముఖ్యంగా తనను రక్షించడానికి వచ్చినవారి చేతిలో తుపాకీ లాక్కుని తానే దారి చేసే ఘట్టం, నేటికీ వాడిపోలేదు. కాని ఆమె తప్ప చెప్పుకోదగిన స్త్రీ పాత్ర లేదు. తెరమీద దాదాపు అందరూ తెల్లవారే. వేడర్‌కు గొంతునిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ పేరు 1977 ప్రతిలో కనిపించదు.

అసలు గొప్పతనం ఎక్కడుంది?

ఈ వ్యాసకర్త దృష్టిలో ‘స్టార్ వార్స్’ హోదా నిలబడేది ఇక్కడే. మొదటి నిమిషాన్నే తీసుకుందాం. ఒక చిన్న ఓడ తల మీదుగా పారిపోతుంది. దాని వెనుక మరో ఓడ ముక్కు ప్రవేశిస్తుంది, ప్రవేశిస్తూనే ఉంటుంది, ఇక అయిపోయిందనుకున్న చోట కూడా అవదు. ఒక్క మాట లేకుండా సామ్రాజ్యం ఎంత పెద్దదో, తిరుగుబాటు ఎంత చిన్నదో తెలిసిపోతుంది. ఆ భారీ ఓడ నమూనా పొడవు సుమారు మూడు అడుగులే.

అది సాధ్యం కావడానికి లూకాస్ 1975లో కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లో ఒక గోదాములో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే సంస్థను ప్రారంభించారు. జాన్ డైక్‌స్ట్రా బృందం అక్కడ ఎలక్ట్రానిక్ జ్ఞాపకశక్తి గల కెమెరా యంత్రాన్ని తయారు చేసింది. సమస్య ఇది: నమూనా ఓడను ఒకసారి, దాని ఇంజిన్ల వెలుగును ఒకసారి, వెనుక నేపథ్యాన్ని ఒకసారి విడివిడిగా చిత్రించి, తరువాత ఒకే ఫిల్ముపై కలపాలి. ప్రతిసారీ కెమెరా వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే దారిలో కదలకపోతే ఆ పొరలు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోవు. యంత్రమే కదలికను గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ చేయగలిగినప్పుడు కెమెరా ఓడ పక్కన దూసుకుపోవచ్చు, పల్టీ కొట్టవచ్చు. పొరలు కలిపిన కొద్దీ బొమ్మ నాణ్యత తగ్గుతుంది కాబట్టి, ఫిల్ము అడ్డంగా నడిచి పెద్ద ఫ్రేమునిచ్చే పాతకాలపు విస్టావిజన్ పద్ధతిని ఇందుకోసం తిరిగి వాడారు. ఎఫెక్ట్స్ షాట్లు సిద్ధం కాకముందే ఎడిటింగ్ సాగాలి గనుక ఆ ఖాళీల్లో యుద్ధ విమానాల సినిమా తునకలు అతికించి, వాటి కదలికనే ఓడలకు నమూనాగా ఇచ్చారు. 

ఎడిటింగ్ చేసిన మేలు ఇంకా పెద్దది. మొదటి ఎడిటర్‌ను తప్పించాక పాల్ హిర్ష్, మార్షియా లూకాస్, రిచర్డ్ చూ ఈ పనిని చేపట్టారు. ల్యూక్ తన స్నేహితులతో గడిపే తొలి సన్నివేశాలను చిత్రించి కూడా తీసివేశారు. దానితో ప్రేక్షకుడు రోబోలతో పాటు ఎడారిలో దారి తప్పి, వాటి వెంటే ల్యూక్ ఇంటికి చేరతాడు. గ్రహాన్ని పేల్చే ఆయుధమైన డెత్ స్టార్‌పై జరిగే చివరి దాడిలో స్క్రిప్టు ప్రకారం ల్యూక్ లోయలాంటి కందకంలోకి రెండుసార్లు దిగాలి. దాన్ని ఒక్కసారికి కుదించడంతో గురి తప్పితే మరో అవకాశం లేదన్న బిగువు వచ్చింది. తిరుగుబాటుదారుల గదిలోని ఆందోళన, దగ్గరపడుతున్న డెత్ స్టార్, కందకంలోని వెంటాట అనే మూడు చోట్లకూ కోతలు వేగం పుంజుకుంటూ తిరుగుతుంటే, ముగింపు ముందే తెలిసినవారు కూడా కుర్చీ అంచుకు జరుగుతారు.

శబ్దం సంగతికి వస్తే, అప్పటి అంతరిక్ష సినిమాల్లో వినిపించే కృత్రిమ ఎలక్ట్రానిక్ కూతలను బర్ట్ చాలావరకు పక్కన పెట్టి, లోకంలోని ధ్వనులు సేకరించారు. వెలుగు కత్తి గుంయిమనే మోత పాత ప్రొజెక్టర్ మోటారుది, టీవీ సెట్ రొదది. శత్రు విమానాల అరుపులో ఏనుగు ఘీంకారమూ, తడిరోడ్డుపై కారు చప్పుడూ ఉన్నాయి. వేడర్ ఊపిరి స్కూబా ఈతగాళ్ల శ్వాస పరికరం నుంచి వచ్చింది. చెవికి పరిచయమైన ధ్వని కాబట్టే కంటికి అపరిచితమైన వస్తువును మనసు నమ్మింది. మసిపట్టిన గోడలు, సొట్టలు పడిన ఓడలు కూడా అదే పని చేశాయి.

జాన్ విలియమ్స్ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన సంగీతంలో ప్రతి ముఖ్య భావానికీ ఒక వరుస ఉంటుంది. ల్యూక్ రెండు సూర్యుల అస్తమయాన్ని చూస్తూ నిలబడినప్పుడు వినిపించేది ఫోర్స్‌కు, ల్యూక్‌కు గురువు కాబోయే ఓబీ-వాన్‌కు చెందిన వరుస. ఓబీ-వాన్ ఇంకా తెరమీదికే రాలేదు. కథ చెప్పని బంధాన్ని సంగీతం ముందే చెప్పేసింది. ఇది రచన కాదనడం కష్టం.

హాలీవుడ్‌ను చెడగొట్టిందన్న అభియోగం

1967 తరువాతి పదేళ్లలో అమెరికన్ స్టూడియోలు పెద్దల కోసం సాహసోపేతమైన సినిమాలు తీశాయనీ, ‘జాస్’, ‘స్టార్ వార్స్’ లాభాలు చూశాక పిల్లల బొమ్మల అంగళ్ల వైపు మళ్లాయనీ చరిత్రకారుడు పీటర్ బిస్కిండ్ వంటివారు వాదిస్తారు. సీక్వెల్స్, బొమ్మలు, సెలవుల సీజన్ విడుదలలు నేడు పరిశ్రమను ఎలా నడుపుతున్నాయో చూస్తే ఈ వాదంలో పస కనిపిస్తుంది. సీక్వెల్స్, వస్తు విక్రయాల హక్కులను లూకాస్ తన దగ్గరే ఉంచుకోవడం, 2012లో డిస్నీ ఆయన సంస్థ లూకాస్‌ఫిల్మ్‌ను నాలుగు వందల కోట్లకు పైబడిన డాలర్లకు కొనడం ఆ దారిలోని మైలురాళ్లే. కాని 1980లో ‘హెవెన్స్ గేట్’ వంటి దర్శకుల సొంత ప్రాజెక్టులు స్టూడియోలను ముంచిన సంగతి కూడా అదే ఖాతాలో రాయాలి. పైగా అనుకరించినవారి తప్పును మూలానికి అంటగట్టడం ప్రభావానికి కొలతే గాని నాణ్యతకు కాదు. లూకాస్ కంప్యూటర్ విభాగమే 1986లో విడిపోయి యానిమేషన్ సంస్థ పిక్సార్ అయిందన్న విషయాన్ని నిందించేవారు తక్కువగా ప్రస్తావిస్తారు.

ఇంతకూ ఏ సినిమా గురించి మాట్లాడుతున్నాం?

నైపుణ్యమే ఈ సినిమా విలువకు ఆధారమైతే, ఆ నైపుణ్యం ఉన్న ప్రతి ఏదన్న ప్రశ్న తప్పదు. 1977లో విడుదలైన సినిమా పేరు ‘స్టార్ వార్స్’ మాత్రమే. ‘ఎపిసోడ్ 4, ఎ న్యూ హోప్’ అన్న మాటలు 1981 పునర్విడుదలలో చేరాయి. 1997లో వచ్చిన ప్రత్యేక ప్రతిలో కంప్యూటర్ బొమ్మలు, కొత్త సన్నివేశాలు ప్రవేశించాయి. 2004, 2011, 2019లలో మరిన్ని మార్పులు జరిగాయి.

వీటిలో రెండు చాలు. 1977 ప్రతిలో తనను పట్టుకోవడానికి వచ్చిన గ్రీడోతో హాన్ మాటలు సాగదీస్తూ, బల్ల కింద తుపాకీ తీసి కాల్చి చంపుతాడు. 1997 ప్రతిలో గ్రీడో ముందు కాల్చి, చేతికందే దూరంలో గురి తప్పుతాడు. నైతికంగా హాన్ శుభ్రపడ్డాడు గాని పాత్ర పలచబడింది. చివర్లో అతను స్నేహితుల కోసం తిరిగి రావడం మనల్ని కదిలించేది, మొదట్లో అతను తన ప్రాణం, తన డబ్బు తప్ప పట్టని మనిషిగా కనిపించినందువల్లే. ఇక హాన్ అప్పుపడ్డ ముఠా నాయకుడు జబ్బాతో సంభాషణ. 1976లో మనిషి నటుడితో తీసి వదిలేసిన ఆ దృశ్యాన్ని 1997లో కంప్యూటర్ జీవితో పూడ్చి చేర్చారు. గ్రీడో ఘట్టంలో విన్న సమాచారమే మళ్లీ వస్తుంది. అంతకన్నా నష్టం, ల్యూక్‌తో పాటు మనం మొదటిసారి చూడవలసిన హాన్ ఓడ ముందే కనబడిపోతుంది. ఎడిటర్లు వదిలించిన కొవ్వు తిరిగి పట్టిందనాలి.

లూకాస్ పక్షాన ఒక న్యాయం ఉంది. డబ్బు, సమయం చాలక తాను అనుకున్నట్లు తీయలేకపోయిన సినిమాను తానే పూర్తి చేసుకున్నాననీ, కృతిపై చివరి మాట కర్తదేననీ ఆయన చెబుతారు. పద్యాన్ని కవి తిరగరాసుకోవడం మనకు కొత్త కాదు. కాని కవి తిరగరాసినా పాత ప్రతి గ్రంథాలయంలో ఉంటుంది. ఇక్కడ పాత ప్రతిని మంచి నాణ్యతలో దొరకకుండా చేశారు. 2006 డీవీడీలో అదనంగా ఇచ్చిన పాత రూపం డీవీడీకి ముందు తరం వీడియో పద్ధతి అయిన లేజర్‌డిస్క్ కోసం 1993లో చేసిన మాతృక నుంచి తీసినది. ఈ లూకాసే 1988లో అమెరికన్ సెనేట్ ఉపసంఘం ముందు, పాత నలుపు తెలుపు చిత్రాలకు రంగులు వేయడాన్ని వ్యతిరేకిస్తూ, లాభం కోసమో అధికారం చూపించుకోవడానికో కళాఖండాలను మార్చేవారు అనాగరికులని చెప్పారు. అప్పుడు ఆయన మాట్లాడింది కర్త కానివారు చేసే మార్పుల గురించని ఆయన సమర్థకులు అంటారు. ఎడిటర్లు, శబ్ద నిపుణులు, నమూనాలు చెక్కినవారు కలిసి చేసిన పనికి కర్త ఒక్కరేనా అని అడిగితే ఆ జవాబు బలహీనపడుతుంది.

2025 జూన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ లండన్‌లో 1977 నాటి అసలు ప్రింటునే ప్రదర్శించింది. 2027లో యాభయ్యో వార్షికోత్సవానికి థియేటర్లలో విడుదల చేయబోయేది 1977 రూపాన్ని పునరుద్ధరించిన ప్రతి అని లూకాస్‌ఫిల్మ్ ప్రకటించింది. 1997 తరువాత పుట్టిన ప్రేక్షకుల్లో అత్యధికులు ఇంతవరకు మెచ్చినా తెగడినా మారిన ప్రతినే చూసి ఆ మాట అన్నారు. అసలు ప్రతిని పెద్ద తెరపై చూసి తీర్పు చెప్పే అవకాశం వారిలో చాలామందికి ఇదే మొదటిసారి.